సాలెవీధి కొసన టవర్

సుబ్బలక్ష్మమ్మ మొదటిసారి మనిషిని కొట్టినప్పుడు ఆమెకు పదమూడేళ్లు. దెబ్బతిన్నది సొంత మేనమామ. తడి పడుగు కింద వంగి అవతలికి దూరబోయాడని కుంచె కర్రతో మొహాన ఒక్కటిచ్చింది. ముక్కు వంకరపోయింది, చచ్చేదాకా అట్లాగే ఉండిపోయింది. ఇంట్లో ఆమెను ఎవరూ తిట్టలేదు. తిట్లన్నీ మేనమామకే పడ్డాయి.

మైదుకూరు నుంచి పొద్దుటూరు పోయే దారిలో నల్లబండపేట అనే ఊరుంది. అందులో ఒక వీధి మొత్తం సాలెవాళ్లది. నూలు పోగులన్నీ వరసగా పేర్చిన పడుగును మగ్గమెక్కించే ముందు వీధి నడుమ నిలువునా సాగదీస్తారు. రోడ్డువైపు ఒక కొస రాతికూసానికి కడతారు, రెండో కొస వీధి చివర బయల్లో దిగ్గొట్టిన గుంజలకు కడతారు. నడుమెత్తున తెల్లటి పందిరిలాగా నిలుస్తుంది. దానికి గంజి పట్టించి, ఎదురెదురుగా ఇద్దరు నిలబడి పెద్ద కుంచెతో ఒక కొస నుంచి రెండో కొసదాకా దువ్వుకుంటూ పోతారు. ఎండ ముదరకముందే ఆరాలి. ఆరేదాకా దాన్ని ఎవరూ దాటకూడదు. పైనుంచి గానీ కిందనుంచి గానీ దాటకూడదు. అవతలికి పోవాలంటే కొసదాకా నడిచి చుట్టి రావాలి. పెళ్లి ఊరేగింపయినా చుట్టి రావాల్సిందే, శవమయినా అంతే. పోగు తెగితే దాన్ని వెతికి ముడేయడానికి కళ్లు పోతాయి. ఆచారం వెనక ఉన్నది అంతే, దేవుడు కాదు.

చేనేత దినోత్సవం నాడు కడపలో శాలువాలు కప్పేవాళ్ల లెక్కలో నేతగత్తె అంటే మెత్తని మనిషి. మెత్తగా ఉండేది నూలు. సుబ్బలక్ష్మమ్మ చేతులు కుంచె లాగిలాగి రోకళ్లలాగా తయారయ్యాయి. మామూలుగా కుంచె మగవాళ్ల పని. మొగుడు నాగన్నకు ఆయాసం ముదిరి నాలుగడుగులు వేస్తే దగ్గు తెరలు తెరలుగా వచ్చేసరికి ఆమె కుంచె పట్టుకుంది. మరిది నరసింహ అడ్డమొచ్చాడు.

"ఆడది కుంచె బట్టేదేంది వొదినా? వీధి పరువు ఏమయితాది?"

"పరువు నువ్వు పట్టుకో. కుంచె ఇటియ్యి."

ఇవ్వలేదు. ఆమె లాక్కుంది, అతను లాక్కున్నాడు, చివరికి నరసింహ గంజి తొట్టిలో వెల్లకిలా పడ్డాడు. మర్నాటి నుంచి కుంచెకు ఆ పక్క నరసింహ, ఈ పక్క వదిన. పదేళ్లుగా అదే జోడీ. ఒకరి అడుగు ఒకరికి తెలుసు. పని దగ్గర మాట్లాడుకునే అవసరం పెద్దగా ఉండేది కాదు.

ఆ వీధి చివరి బయలు కేశవరెడ్డి పొలానికి ఆనుకుని ఉంటుంది. ఎంతవరకు రెడ్డిది, ఎంతవరకు పంచాయతీది అని ఎవరూ గీత గీసి చూడలేదు. తాతల నాటి నుంచి గుంజలు అక్కడే పాతుతున్నారు, అక్కడే పీకుతున్నారు. పోయిన వేసవిలో కేశవరెడ్డి ఆ నేల చెక్కను ఒక సెల్ టవర్ కంపెనీకి బాడుగకిచ్చాడు. కంపెనీ మనుషులు వచ్చి సున్నంతో గీత గీశారు. టవరు, దాని చుట్టూ గోడ, గోడలోపల జనరేటర్ గది. గోడ గీత సుబ్బలక్ష్మమ్మ గుంజల గుంతల మీదుగా పోయింది.

ఆమె ఆ గీత మీద నిలబడి వీధివైపు చూసింది. గోడ లేస్తే పడుగు సాగదు. పడుగు మూల తిరగదు, మడతపడదు. పొట్టి పడుగు వేసుకోవచ్చు గదా అంటారు తెలియనివాళ్లు. పడుగు పొట్టిదయితే చీరలు తగ్గుతాయి, వేల పోగులు అతికే పని మాత్రం తగ్గదు. వీధిలో సగం మగ్గాలు అప్పటికే మూలపడ్డాయి. తక్కినవి ఆ గోడతో పోతాయి. ఆమెకు వేరే పని రాదు, నేర్చుకునే వయసూ దాటింది. ఇంటి ముందు నిలబడి మనిషిలాగా బతకాలంటే ఆ వీధి ఆ కొస నుంచి ఈ కొసదాకా ఖాళీగా ఉండాలి.

పంచాయతీ ఆఫీసు బోర్డుకు నోటీసు అంటించారు. అభ్యంతరాలుంటే రాసివ్వమన్నారు. రాసిపెట్టమని ఆమె శ్రీకాంత్ దగ్గరికి పోయింది. శ్రీకాంత్ పొద్దుటూరులో ప్రైవేటు కాలేజీ లెక్చరరు, ఊరికి న్యాయం చెప్పడం అతని సాయంత్రపు పని.

"పడుగు, గుంజలు అని రాస్తే ఎవరు చూస్తారు పెద్దమ్మా? రేడియేషన్ అని రాయాల. క్యాన్సర్, కడుపులు పోవడం, పిచ్చుకలు చచ్చిపోవడం. అప్పుడు గానీ కదలరు."

"పిచ్చుకల గొడవ నాకేంది నాయనా? పడుగు సాగదు, అది రాయి."

"అది చిన్న విషయం. దీన్ని పెద్ద విషయంలో కలపాల."

చిన్న విషయం అనే మాటకు ఆమెకు అరికాలి నుంచి మండింది. కానీ చదువుకున్నవాడు, తన పక్షం మాట్లాడుతున్నవాడు. సంతకం పెట్టింది. నిజానికి ఆమెకు రేడియేషన్ మీద ఏ కోపమూ లేదు. ఆ వీధిలో ఫోను పట్టుకుని మిద్దెక్కి 'హలో, హలో, ఇనపడతాండాదా' అని అందరికంటే ఎక్కువ అరిచేది ఆమే.

పంచాయతీ కార్యదర్శి యామిని ఆ అర్జీ చదివి తిప్పి పంపింది. తరంగాల సంగతి చూడాల్సింది కేంద్రం వాళ్లు, పంచాయతీ చూడగలిగేది స్థలం, దారి, గోడ, పునాది గట్టితనం, పక్కిళ్లకు దూరం అని రాసింది. అర్జీలో వాటి గురించి ఒక్క ముక్క లేదు. కొట్టేశారు. శ్రీకాంత్ దీన్ని అధికారుల కుమ్మక్కు అని ఫేస్‌బుక్‌లో పెట్టాడు. లైకులు బాగానే వచ్చాయి. బయల్లో పునాదికి గుంత తవ్వేశారు.

ఆ వారంలోనే నరసింహ కూతురు శశికళకు కడుపు పోయింది. పుట్టింటికి వచ్చి ఉన్న పిల్ల. మైదుకూరు డాక్టరమ్మ ఒంట్లో రక్తం లేదని రెండు నెలల కిందే చెప్పింది. ఆ మాట చెప్పినప్పుడు పక్కన కూర్చున్నది సుబ్బలక్ష్మమ్మే. అయినా వీధి అరుగుల మీద టవరే తీసిందని మాట పుట్టింది. ఇంకా లేవని టవర్, కరెంటు తీగ కూడా రాని టవర్ కడుపెట్లా తీసిందని ఎవరూ అడగలేదు. శ్రీకాంత్ అర్జీలో ముందే రాసి ఉంది గదా, అది చాలింది. నరసింహ మూడు పూటలు తిండి ముట్టలేదు. "ఆ నాకొడకులు మళ్లీ వీధిలో కాలుబెడితే నరికి గుంతలోనే పూడుస్తా" అన్నాడు.

సుబ్బలక్ష్మమ్మ నోరు విప్పలేదు. రక్తం మాట చెబితే నరసింహ కోపం చల్లారుతుంది. కోపం చల్లారితే గోడ లేస్తుంది. ఈ లెక్క ఆమె మనసులో చాలా త్వరగా అయిపోయింది.

టవర్ ఇనుము వేసుకుని లారీ వచ్చిన పొద్దున వీధిలో ఉన్నది ఆమె పడుగే. గంజి పట్టించి సగం దువ్వారు. లారీ రోడ్డుకొసన ఆగిపోయి హారన్ కొట్టింది. దాన్లోంచి యేసుప్రసాద్ దిగాడు. ఆలూరు వైపు కుర్రవాడు, టవర్లెక్కి బోల్టులు బిగించే పని. నడుముకు బెల్టు, బెల్టుకు ఇనుప కొక్కేలు వేలాడుతున్నాయి.

"అక్కా, ఇది ఇంకెంతసేపయితాది? ఎండకు లోపల మావోళ్లు ఉడికిపోతాండారు."

"ఆరినాక."

"ఎప్పుడారతాది?"

"దాన్నే అడుగప్పా, చెప్తాదేమో."

కుర్రవాడు నవ్వాడు. వీధి అవతలిపక్క కొళాయి కనబడింది, చేతిలో ఖాళీ నీళ్లసీసా ఉంది. ఎవరూ చెప్పలేదు, అతనికి తెలియదు. పడుగు కింద వంగి అవతలికి దూరాడు. బెల్టు కొక్కెం పోగులకు తగులుకుంది. అతను విదిలించుకున్నాడు. ఒక గుప్పెడు పోగులు టపటపా తెగాయి.

గుంజలు దిగ్గొట్టే కొయ్యసుత్తి ఆమె కాళ్ల దగ్గరే ఉంది. ఎత్తడమూ కొట్టడమూ ఒకే ఊపులో జరిగాయి. దెబ్బ పడుగు మీదుగా పోయి భుజం ముందరి ఎముక మీద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడొచ్చింది. నీళ్లసీసా కిందపడి దొర్లుతూ పోయింది.

అక్కడితో ఆగిపోయి ఉంటే అది ఆమెకు అలవాటైన కొట్లాటే. కానీ అవతల కుంచె పట్టుకుని ఉన్నది నరసింహ. "వీడే! నా బిడ్డ కడుపు దీసిన టవరోడు వీడే!" అన్నాడు. ఆ అరుపుకు అరుగుల మీదివాళ్లంతా లేచారు. మొదటి రాయి యేసుప్రసాద్ వీపు మీద పడింది. రెండోది చెవి కింద. లారీలోవాళ్లు దిగబోయి, గుంపును చూసి, మళ్లీ ఎక్కి అద్దాలెత్తుకున్నారు.

యేసుప్రసాద్ మోకాళ్ల మీద పాకి పడుగు కింద ఇవతలికి వచ్చేశాడు.

అప్పుడు ఒక వింత జరిగింది. మనిషిని చంపడానికి రాళ్లెత్తినవాళ్లు, బూతులు తిడుతున్నవాళ్లు, పడుగు దగ్గరికి వచ్చి ఠక్కున ఆగారు. ఆగి, కొసవైపు పరుగెత్తారు. గుంజలు చుట్టి, పునాది గుంత పక్కగా ఇవతలికి వచ్చారు. వాళ్లు వచ్చేసరికి అతను మళ్లీ అవతలికి దూరాడు. మళ్లీ పరుగు. పంచె జారుతున్న ముసలివాళ్లు కూడా రాయి పట్టుకుని చుట్టే పోయారు. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చినవాళ్లలో ఒక్కడూ వంగి ఆ నూలు కింద దూరలేదు. వందేళ్ల అలవాటు కాళ్లను పట్టేసింది. చేతుల్ని పట్టుకునే అలవాటు మాత్రం ఆ వీధికి లేదు.

కాసేపటికి గుంపులోనే తెలివి పుట్టింది. సగంమంది ఈ పక్క, సగంమంది ఆ పక్క నిలబడ్డారు. యేసుప్రసాద్ నడుమ పడుగు కిందే ముడుచుకున్నాడు. కిందికి విసిరిన ఒక రాయి కంట్లో తగిలింది. అతను పెట్టిన కేకకు లోపల నాగన్న దగ్గు కూడా ఆగింది.

నరసింహ కొడవలి తెచ్చాడు. తెచ్చి, వదిన మొహంలోకి చూశాడు. పడుగు ఆమెది. ఆమె ఊ అనాలి.

"వొదినా, రోంత తెంపితే చాలు. తెంపుదునా?"

వీధంతా ఆమెవైపు తిరిగింది. ఆమె పడుగువైపు చూసింది. గంజి ఆరుతూ ఉంది. కింద కుర్రవాడు విరిగిన భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని ఏదో గొణుగుతున్నాడు. తరవాత చాలామంది అడిగారు, ఆ క్షణంలో జాలి కలిగిందా అని. లేదు. ఆమెకు కనబడింది కొడవలి.

"చెయ్యిబెట్టి చూడు" అంది.

"నా బిడ్డ కడుపు పోయుంటే నీకు దారాలు ముక్కెమా?"

"నీ బిడ్డ కడుపు వాడు దీలా. ఆ గుంతలో ఇంగా కంబీ గూడా దిగలేదు. రక్తం లేదని డాక్టరమ్మ చెప్పింది, నేను పక్కనే ఉండా. నువ్వు ఆ పిల్లకు ఏం తినబెట్టినావో అది చెప్పు ముందు."

అంతవరకు దాచిన మాట అది. అంత కిరాతకంగా చెప్పాల్సింది కాదు. నరసింహ మొహం తెల్లబోయింది. తరవాత అతను ఎడమచేత్తో పడుగును గుప్పిట పట్టుకుని కొడవలి ఆనించాడు. సుత్తి అతని కుడి మణికట్టు మీద పడింది. కొడవలి ఎగిరి అరుగు మీద పడింది. చెయ్యి పక్కకు వేలాడింది.

అప్పుడు రాళ్లు ఆమె మీదికి మళ్లాయి. ఒకటి నోటి మీద తగిలి ముందుపళ్లు రెండు రాలాయి. ఆమె నెత్తురు ఉమ్మి దగ్గరున్నవాణ్ణి కొట్టింది, వాడి పక్కవాణ్ణి కొట్టింది, కిందపడినవాణ్ణి కాలితో తన్నింది. పడుగు వెంబడి అటూ ఇటూ తిరుగుతూ దగ్గరికొచ్చిన ప్రతివాణ్ణీ కొట్టింది. పోలీసు జీపు వచ్చేసరికి ఆమె సుత్తి ఆనుకుని నిలబడి ఉంది. కింద యేసుప్రసాద్‌కు తెలివి లేదు. అంతకు ముందు తల ఆనినచోట అతని నెత్తురు అంటుకుని తెల్లటి పోగుల్లో ఒక జేనెడు వెడల్పున ఎరుపు పైకి పాకుతోంది.

అతన్ని కడపకు, అక్కణ్నుంచి కర్నూలుకు తీసుకుపోయారు. ప్రాణం దక్కింది, కుడికన్ను పోయింది. భుజం అతికింది గానీ చెయ్యి తలపైకి లేవదు. టవర్లెక్కేవాడికి అది లేచి తీరాలి. కన్ను తీసిన రాయి ఎవరిదో తేలలేదు. భుజం ఎవరు విరిచారో మాత్రం అందరికీ తెలుసు. కేసులో మొదటి పేరు సుబ్బలక్ష్మమ్మది.

బెయిలు మీద వచ్చేసరికి ఆమె దేవతయిపోయి ఉంది. రాళ్లవానలో ఒక అనాథ బిడ్డకు కొంగడ్డం పెట్టిన తల్లి అని శ్రీకాంత్ రాశాడు. ఆ బిడ్డకు ఆలూరులో అమ్మా నాన్నా ఉన్నారనీ, భుజం విరగ్గొట్టింది ఈ తల్లేననీ రాయలేదు. ఆమె ప్లీడరుకు ఈ కథ బాగా నచ్చింది.

"రేడియేషన్ భయంతో, ఇంట్లో కడుపుపోయిన దుఃఖంతో మతి తప్పి ఒక్క దెబ్బ కొట్టినావు. వెంటనే తెలుసుకుని కాపాడినావు. ఇదే చెప్పల్ల. ఇంకేం మాట్లాడొద్దు. ముఖ్యంగా ఆ దారాల సంగతి ఎత్తొద్దమ్మా. దారం తెగిందని ఎముక విరిచినావంటే ఏ జడ్జీ వదలడు."

గొడవతో టవర్ పని ఆగింది. యామిని ఊరివాళ్లను పిలిచింది. పంచాయతీ ఆఫీసులో ఒకపక్క కేశవరెడ్డి, కంపెనీ మనిషి కూర్చున్నారు. ఒకపక్క సాలెవీధివాళ్లు, పట్టీ కట్టిన చేత్తో నరసింహ. తలుపు దగ్గర కానిస్టేబుల్. శ్రీకాంత్ లేచి పిచ్చుకలతో మొదలుపెట్టాడు.

"సార్, అవి నేను తీసుకోలేను. పోయినసారీ రాసిచ్చినాను" అని యామిని ఆపింది. "ఈ స్థలం గురించి ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి. లేదంటే ఆపిన అనుమతి ఈ రోజే తిరిగి ఇచ్చేస్తాను. పని మళ్లీ మొదలవుతుంది."

రేడియేషన్ కాదంటే టవర్ మంచిదని ఒప్పుకున్నట్టవుతుందని కొందరు, కేసులో ఇరుక్కుంటామని కొందరు తలలు దించుకున్నారు. సుబ్బలక్ష్మమ్మ నరసింహవైపు చూసింది. అతను పట్టీవైపు చూసుకుంటున్నాడు. యామిని కలం తెరిచింది.

"నేను చెప్తా" అని సుబ్బలక్ష్మమ్మ లేచింది. పళ్లు పోయిన నోటితో మాట ఈలగా వచ్చింది. "ఆ గోడ గడితే పడుగు సాగదు. మా గుంజలు దాని లోపలపడతాయి. వీధి కురసయితే మగ్గం ఉండదు, మేముండం. మొదట్నించీ నా గోడు ఇదొకటే. రేడియేషనూ ల్యా, గీడియేషనూ ల్యా."

శ్రీకాంత్ ఆమె చీరకొంగు పట్టి లాగాడు. ఆమె విదిలించుకుంది.

"మరి ఆ అబ్బాయిని ఎందుకు కొట్టినావు?" అన్నాడు కంపెనీ మనిషి.

కానిస్టేబుల్ చెవులు రిక్కించాడు. ప్లీడరు చెప్పిన మాటలన్నీ ఆమెకు వరసగా గుర్తున్నాయి. రేడియేషన్ భయంతో అంటే తను బయటపడుతుంది. కానీ అంతకు ముందు చెప్పిన మాట గాలికి పోతుంది. ఈ మనిషి నోటికేదొస్తే అది చెప్తుంది అంటారు, కలం కిందికి దిగుతుంది.

"పడుగు దాటినాడని కొట్టినా. పోగులు తెగినాయని కొట్టినా. మతి తప్పలా, తెలిసే కొట్టినా. వానికి తెలియదని గూడా నాకు తెలుసు. ఆ పడుగు మాకు ఎంతో తెలియాలంటే ఇంతకంటే ఏం చెప్పమంటావు?"

యామిని కలం మూసింది. తరవాత లేచి, చెప్పులేసుకుని, వీధికి నడిచింది. అక్కడికక్కడే ఒక పడుగు సాగదీయించింది. గుంజలు సున్నపు గీత లోపలికి పోయాయి. సర్వేయరును పిలిపిస్తే గోడలో ఒక పక్కంతా వీధి పోరంబోకు మీదికి వచ్చిందని తేలింది. ఈ ముక్క మొదటి అర్జీలోనే ఉంటే గుంత కూడా తవ్వేవాళ్లు కాదని ఆమె అంది. ఎవరివైపు చూసి అన్నదో శ్రీకాంత్‌కు అర్థమయ్యే ఉండాలి. టవర్ కాలువ అవతల, కేశవరెడ్డిదే ఇంకో చేలోకి పోయింది. కానిస్టేబుల్ విన్నది స్టేషన్‌లో చెప్పాడు. అది కేసు కాగితాల్లోకి ఎక్కింది. ప్లీడరు నెత్తికొట్టుకుని, ఇంక శిక్ష ఖాయం, ఎంతకాలమన్నదే మాట్లాడుకోవాలి అన్నాడు.

ఇప్పుడు ఆ వీధిలో సిగ్నల్ నిండుగా ఉంటుంది. పునాది గుంతను పూడ్చి దాని మీదే గుంజలు పాతుతున్నారు. ఎరుపెక్కిన పోగుల్ని కోసేసి ఆ పడుగును మళ్లీ అతికిన రోజున కుంచెకు అవతలిపక్క ఎవరూ రాలేదు. సుబ్బలక్ష్మమ్మ గంజి కలిపి, ఒక్కతే కర్ర పట్టుకుని నిలబడింది. గంజి తరకకట్టే వేళకు నరసింహ వచ్చాడు. వంకరగా అతికిన మణికట్టును చూపించలేదు, దాచనూలేదు. ఎడమచేత్తో అవతలి కొన పట్టుకున్నాడు.

"శశికళ తింటాండాదా?" అని ఆమె అడిగింది.

"రాగిసంగటి తింటాండాది. నువ్వు లాగు."

లాగుతుండగా అవతలి అరుగు మీద ఆమె ఫోను మోగింది. ప్లీడరే అయ్యుంటాడు, వాయిదా తేదీ చెప్పడానికి. పడుగు కింద వంగితే రెండడుగులు. ఆమె కుంచె దించి, వీధి కొసదాకా నడిచి, గుంజలు చుట్టి అవతలికి బయల్దేరింది. అవతలివైపు సగం దూరం రాకముందే ఫోను ఆగిపోయింది.

"మళ్లీ చేస్తాడులే, రా వొదినా. ఆరిపోతాండాది" అన్నాడు నరసింహ.

ఆమె అక్కణ్నుంచే వెనక్కి తిరిగి, వచ్చిన దారినే మళ్లీ గుంజలు చుట్టి వచ్చి కుంచె అందుకుంది.